ముందు పరదా, తర్వాత ప్లగిన్

ఒక మనిషి గొంతు రికార్డు చేసి, తప్పులు కోసేసి, రొద తగ్గించి, వినేవాళ్ల చెవికి ఇంపుగా పంపడానికి సాఫ్ట్‌వేర్ కావాలి. అదే పనికి ఒకరు మూడేళ్లలో ఒక్క రూపాయి కూడా పెట్టరు. ఇంకొకరు ఐదారు వేలతో సరిపెడతారు. మరొకరికి అరవై వేలు దాటుతుంది. వినేవాళ్లకి ఆ తేడా తెలియదు. పెట్టినవాడి ఇంట్లో మాత్రం బాగా తెలుస్తుంది.

విజయవాడలో మా ఇంటి వెనక గదిలో కూర్చుని నేను చేసే పని ఇదే. కథలు చదివి యూట్యూబ్‌లో పెట్టేవాళ్ల రికార్డింగులు శుభ్రం చేస్తాను. కంపెనీల శిక్షణ వీడియోలకి తెలుగు గొంతు కలుపుతాను. అప్పుడప్పుడూ గుడి భజన బృందం వాళ్లు పెన్‌డ్రైవ్ పట్టుకుని వస్తారు. ఇది జీతంలా ఒకటో తారీఖున పడే డబ్బు కాదు. ఒక నెల చేతినిండా పని ఉంటుంది, మరుసటి నెల ఫోన్ మోగదు. చేసిన పనికి కూడా టీడీఎస్ పట్టుకోగా మిగిలింది ఎప్పుడొస్తుందో బిల్లు కట్టేవాళ్ల దయ. ఇలాంటి రాబడి మీద బతికేవాడికి ఎంత ఖర్చు అన్నదెంత ముఖ్యమో, ఎప్పుడు ఖర్చు అన్నదీ అంతే ముఖ్యం. పని వచ్చేదాకా ఆపుకోగలిగిన ఖర్చు నన్ను ఇబ్బంది పెట్టదు. పనున్నా లేకున్నా నెలనెలా వచ్చి నిలబడే ఖర్చు పెడుతుంది.

అందుకే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ధర తర్వాత నేను చూసింది ఒక్కటే: బయటివాళ్లు చేసిన ప్లగిన్లను, అంటే ఎడిటర్‌కి తగిలించుకునే చిన్న పరికరాలను, అది రానిస్తుందా, లేదా? చూడ్డానికి ఇది సాంకేతిక విషయంలా ఉంటుంది గానీ, నా మటుకు నాకు అచ్చంగా డబ్బు విషయం. ప్లగిన్లు పట్టే ఎడిటర్ చేతిలో ఉంటే పెద్ద ఖర్చు ముక్కలైపోతుంది. కోయడానికి, అతకడానికి ఒక చౌక సాఫ్ట్‌వేర్ తెచ్చుకుంటే చాలు. రొద తగ్గించేదో, నోటి చప్పుళ్లు తీసేదో ఆ పని మీద పడ్డప్పుడు విడిగా తెచ్చుకోవచ్చు. ప్లగిన్లు పట్టని దాంట్లో ఆ సౌకర్యం లేదు. ఏదో ఒకటి తక్కువైన రోజున ఎడిటర్‌నే మార్చుకోవాలి, పాత ప్రాజెక్టులన్నీ వదులుకోవాలి.

ఏ తలుపులోంచి ఏది పడుతుంది

ప్లగిన్లలో రకాలున్నాయి. జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ కంపెనీ 1996లో తెచ్చిన వీఎస్‌టీ పద్ధతి అన్నిటికంటే ఎక్కువ చలామణీలో ఉంది. దాని మూడో తరం, వీఎస్‌టీ3, 2008లో వచ్చింది. ఆపిల్ కంప్యూటర్లకి ఏయూ అని వేరే పద్ధతి ఉంది. పెద్ద స్టూడియోల్లో కనిపించే ప్రో టూల్స్ తన సొంత ఏఏఎక్స్ ప్లగిన్లనే తీసుకుంటుంది, వీఎస్‌టీని రానివ్వదు. ఆపిల్ వాళ్ల గ్యారేజ్‌బ్యాండ్ ఉచితమే గానీ అది ఏయూ తప్ప ఇంకోటి ఎరగదు. మిక్సీ ఒక కంపెనీది, జారు ఇంకో కంపెనీది అయితే కూర్చోనట్టే, ఇక్కడా కొనే ముందు ఏది దేంట్లో పడుతుందో చూసుకోవాలి. చాలా ప్లగిన్లు అన్ని పద్ధతుల్లోనూ దొరుకుతాయి. ఉచితంగా ఇచ్చేవాటిలో మాత్రం వీఎస్‌టీ ఒక్కటే ఉండేవీ ఉన్నాయి. నాది విండోస్ కంప్యూటరు. కాబట్టి వీఎస్‌టీ పట్టే ఎడిటర్ అయితే చాలనుకున్నాను.

ఆ ఒక్క షరతు పెట్టుకున్నా, డబ్బు అక్కర్లేని పేర్లే చాలా మిగిలాయి. ఆడాసిటీ ఉంది. బ్రెజిల్‌లో తయారైన ఓసెన్‌ఆడియో ఉంది. వీడియో ఎడిటింగ్ కోసం వాడే డావిన్చీ రిజాల్వ్ ఉచిత రూపంలోనే ఫెయిర్‌లైట్ అనే పూర్తి స్థాయి ఆడియో విభాగం ఉంది, అదీ వీఎస్‌టీ తీసుకుంటుంది. ట్రాక్షన్ వాళ్ల వేవ్‌ఫామ్ ఫ్రీ ఉంది. డబ్బు లేక సౌండ్ పని ఆగిపోయిందని ఎవరైనా అంటే ఈ రోజుల్లో నమ్మడం కష్టం.

నేను ఆడాసిటీతో మొదలుపెట్టాను. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టి 2000లో బయటికొచ్చిన సాఫ్ట్‌వేర్ అది. లోపలి కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. చాలాకాలం దాంట్లో ఒక ఇబ్బంది ఉండేది. ఒక ఎఫెక్ట్ వేస్తే అది ఆడియోలోనే కలిసిపోయేది, తర్వాత మనసు మారితే వెనక్కి వెనక్కి వెళ్లాల్సిందే. 2022లో వచ్చిన 3.2 వెర్షన్‌తో పాట నడుస్తుండగానే ఎఫెక్టులు వేసి, తీసి చూసుకునే వీలు, వీఎస్‌టీ3 ప్లగిన్లు పట్టే వీలు రెండూ కలిశాయి. ఒక గొంతు, ఒక ట్రాక్ ఉన్న పనికి ఆ మాత్రం ఉంటే చాలా దూరం వెళ్లొచ్చు.

దాంట్లో నాకు అక్కరకొచ్చిన ఒక చిన్న ప్లగిన్ గురించి చెప్పాలి. ఆడియోబుక్కులకి అమెజాన్ వాళ్ల ఏసీఎక్స్ కొన్ని కొలతలు పెట్టింది. సగటు శబ్దం మైనస్ 23 నుంచి మైనస్ 18 డెసిబెల్స్ మధ్య ఉండాలి. శిఖరం మైనస్ 3 దాటకూడదు. ఎవరూ మాట్లాడని చోట రొద మైనస్ 60కి దిగువన ఉండాలి. ఈ మూడూ కొలిచి, పాసా ఫెయిలా చెప్పే ఏసీఎక్స్ చెక్ అనే ప్లగిన్ ఆడాసిటీకి ఉచితంగా దొరుకుతుంది. నా కథలు ఏసీఎక్స్‌కి వెళ్లవు, అయినా ఆ కొలతలనే నా హద్దులుగా పెట్టుకున్నాను. పని ఎప్పుడు ముగిసిందో చెప్పే కొలబద్ద లేకపోతే ఈ పనికి అంతుండదు. రాత్రి పన్నెండింటికి కూడా ఇంకొంచెం బాగు చేయొచ్చేమో అనిపిస్తూనే ఉంటుంది. నిమిషానికి ఇంతని మాట్లాడుకున్న పనిలో అలా పోయే గంటలన్నీ నా జేబులోవే.

కుక్కర్ విజిల్ ఖరీదు

ఒక కథలో, అమ్మమ్మ మనవణ్ణి పిలిచే చోట సరిగ్గా పక్కింటి కుక్కర్ విజిల్ వేసింది. చదివే ఆవిడ గమనించలేదు, చదువుకుంటూ పోయారు. శబ్దాన్ని బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో తెరిచి చూస్తే మాటల మీదుగా అడ్డంగా మెరుస్తున్న గీతలు. గొంతుకి తగలకుండా ఆ గీతల్ని మాత్రమే చెరిపే పరికరాలు ఉన్నాయి, ఖరీదైనవి. ఐజోటోప్ ఆర్‌ఎక్స్ పై మెట్టు వెర్షన్లు అలాంటి పనికే పేరుపడ్డాయి. కొందామా అన్న ఆలోచన ఆ పూట రాకపోలేదు. అయినా ముందు ఫోన్ తీశాను.

"అక్కా, అమ్మమ్మ పిలిచే ఆ ఒక్క వాక్యం మళ్లీ చదివి పంపుతారా? కుక్కర్ విజిల్ పడింది."

"అయ్యో, మాది కాదు తమ్ముడూ, పక్కవాళ్లది. ఇప్పుడే పంపుతా. ఫ్యాన్ ఆపమంటావా?"

"ఆపండి. మొన్న కూర్చున్న చోటే కూర్చోండి, ఫోన్ అంతే దూరంలో పెట్టుకోండి. ముందు వాక్యం, వెనక వాక్యం కూడా కలిపి చదవండి."

టీ తాగి వచ్చేసరికి వాట్సాప్‌లో ఫైలు ఉంది, డాక్యుమెంట్‌గా పంపమన్నాను కాబట్టి నాణ్యత చెడకుండా. ముందు వాక్యం, వెనక వాక్యం ఎందుకు చదివించానంటే, విడిగా చదివిన వాక్యం స్వరం కథ మధ్యలో అతకదు. ఊపులో ఉన్న మూడు వాక్యాల్లోంచి నడిమిది కోసి పెడితే అతుకు వినపడదు. అయిన ఖర్చు సున్నా. ఏదైనా ప్లగిన్ మీద మనసుపడ్డప్పుడల్లా నేను ముందు వేసుకునే ప్రశ్న అక్కడే స్థిరపడింది: ఇదే పని ఒక ఫోన్ కాల్‌తో అవుతుందా? అయితే ప్లగిన్ వద్దు. మాట్లాడినవాళ్లు అందుబాటులో లేనప్పుడు, పెళ్లి వీడియోలో మంత్రాల్లాగా మళ్లీ చెప్పించలేనప్పుడు, అప్పుడు కొనే ఆలోచన చేద్దాం.

60 డాలర్లు ఎందుకు పెట్టాను

శిక్షణ వీడియోల పని నెలనెలా రావడం మొదలయ్యాక ఆడాసిటీతో వెనకబడుతున్నానని అర్థమైంది. వీడియో చూస్తూ గొంతు కలపాలి. వెనక సంగీతం ఒక ట్రాక్, గొంతు ఒక ట్రాక్. ప్రతి ఫైలుకీ అవే మెట్లు: కింది గురగుర కోయడం, ఈక్యూతో గొంతు తీరు దిద్దడం, కంప్రెసర్‌తో హెచ్చుతగ్గులు సర్దడం, చివర్లో లౌడ్‌నెస్. ఆ వరుసంతా ఒకసారి పేర్చి దాచుకుని, కొత్త ఫైలు రాగానే దింపేసుకునే వీలు కావాలి. రీపర్ దగ్గర అది కుదిరింది.

ఇంటర్నెట్ కేఫుల రోజుల్లో పాటలు వినడానికి మనమంతా వాడిన విన్‌యాంప్ తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెల్ తర్వాత పెట్టిన కంపెనీ కోకోస్, దాని సరుకే రీపర్. 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు. గడువు దాటినా తాళం పడదు, తెరిచిన ప్రతిసారీ లైసెన్స్ కొనమని గుర్తుచేస్తుంది, అంతే. వాణిజ్య లైసెన్స్ 225 డాలర్లు, తగ్గింపు లైసెన్స్ 60 డాలర్లు. రెంటిలోనూ సాఫ్ట్‌వేర్ ఒక్కటే, ఏ సౌకర్యమూ తగ్గదు. సొంతానికి వాడుకునేవాళ్లు, ఏడాది వ్యాపార రాబడి 20,000 డాలర్లు మించనివాళ్లు తగ్గింపు ధరకి అర్హులు. డాలర్ 85 రూపాయలనుకుంటే ఆ గీత 17 లక్షల దగ్గర పడుతుంది. నేను దానికి చాలా దిగువన ఉన్నాను కాబట్టి ఏ మొహమాటమూ లేదు.

ఒకసారి కొంటే రెండు పెద్ద వెర్షన్ల దాకా అప్‌డేట్లు అందులోనే. ఆరో వెర్షన్ 2019 చివర్లో, ఏడోది 2023 అక్టోబరులో వచ్చాయి. అంటే ఆరో వెర్షన్ దాదాపు నాలుగేళ్లు నడిచింది. ఆ తర్వాత డబ్బు కట్టకపోయినా చేతిలో ఉన్న వెర్షన్ ఆగిపోదు, పాత ప్రాజెక్టులు తెరుచుకుంటూనే ఉంటాయి. నాకు ధర కంటే ఈ మాట ఎక్కువ నచ్చింది. పని లేని నెలలో కూడా ఈ సాఫ్ట్‌వేర్ నన్నేమీ అడగదు.

డాలర్ ధర చూసి రూపాయల్లోకి మార్చేసి ఊరుకుంటే లెక్క తప్పుతుంది. 60 డాలర్లంటే మన అంచనాలో 5,100 రూపాయలు. క్రెడిట్ కార్డుతో కడితే బ్యాంకు విదేశీ మారకం రుసుము వేస్తుంది. చాలా కార్డులకి అది 3.5 శాతం, అంటే 178 రూపాయలు. ఆ రుసుము మీద 18 శాతం జీఎస్‌టీ, ఇంకో 32. మొత్తం 5,310. కొందరు విదేశీ అమ్మకందార్లు బిల్లులోనే 18 శాతం జీఎస్‌టీ కలుపుతారు. అలా అయితే 60 డాలర్ల సరుకు ఆరు వేలు దాటుతుంది. విదేశీ సాఫ్ట్‌వేర్ ఏది చూసినా నేను డాలర్‌ని 85తో కాకుండా 105తో హెచ్చిస్తాను. చేతికొచ్చే బిల్లు అంతకంటే తక్కువైతే సంతోషం.

నెల చందా దారి పట్టి ఉంటే ఏమయ్యేది? నెలకి 20 డాలర్ల చందా అనుకుందాం. చిన్న మొత్తంలాగే కనిపిస్తుంది, 1,700. మూడేళ్లకి 720 డాలర్లు, పన్నులు కలపకుండానే 61,200 రూపాయలు. ఒకప్పుడు మన రేడియో వాళ్లకీ, కేసెట్ కంపెనీల వాళ్లకీ బాగా తెలిసిన కూల్ ఎడిట్‌ని అడోబీ 2003లో కొని ఆడిషన్ అని పేరు మార్చింది. 2012లో వచ్చిన సీఎస్6 దాకా దాన్ని ఒకేసారి డబ్బిచ్చి కొనుక్కోవచ్చు, ఆ తర్వాత చందా ఒక్కటే దారి. మంచి సాఫ్ట్‌వేరే, అందులో సందేహం లేదు. చందా ఆపిన నెలలో పాత ప్రాజెక్టు తెరవలేకపోవడం నా రాబడికి సరిపడదు.

చందాలకి మన దేశంలో ఇంకో మెలిక ఉంది. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంకు ఇ-మాండేట్ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. దానంతటదే కార్డు నుంచి కట్ అయ్యే ప్రతి చెల్లింపుకీ ముందే మాండేట్ నమోదు కావాలి. మొదట 5,000 రూపాయలు, 2022 జూన్ నుంచి 15,000 దాటే చెల్లింపుకి మళ్లీ ఓటీపీ చెప్పాలి. జేబుకి ఇది మంచి కాపలా, నేను కాదనను. ఏడాది చందా గడువు ముగిసిన రోజున ఓటీపీ రాక, మాండేట్ కుదరక సాఫ్ట్‌వేర్ ఆగితే మాత్రం అవతల పని ఇచ్చినవాళ్లు ఆ కథ వినరు.

ఇంతా చెప్పి చందా అసలు వద్దని అనను. ఒక స్టూడియో వాళ్లు తమ సాఫ్ట్‌వేర్‌లోనే ప్రాజెక్ట్ ఫైలు కావాలంటే, ఆ ఒక్క నెల చందా కట్టి, ఆ మొత్తాన్ని కొటేషన్‌లో ఒక వరుసగా రాస్తాను. పని ముగిసిన రోజే రద్దు. చందాని ఒక పని ఖర్చుగా చూస్తే అది అద్దె మైకు లాంటిదే, బిల్లులోకి వెళ్తుంది. నా ఇంటి ఖర్చుల పట్టికలో మాత్రం దానికి చోటు లేదు.

ప్లగిన్ కొనే ముందు చిన్న భాగహారం

రీపర్‌తో పాటు వచ్చే ప్లగిన్లే చాలా పని చేస్తాయి. రియాఈక్యూ, రియాకాంప్, రొద నమూనా తీసుకుని దాన్ని తీసివేసే రియాఫిర్. విండోస్‌లో వేరే ఎడిటర్ వాడేవాళ్లకి కూడా ఇవి రియాప్లగ్స్ పేరుతో ఉచితంగా ఇస్తారు. వీటికి తోడు టోక్యో డాన్ ల్యాబ్స్ వాళ్ల నోవా అనే ఈక్యూ, యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచిత రూపం పెట్టుకున్నాను. పాడ్‌కాస్ట్‌కి ఆపిల్ మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ లౌడ్‌నెస్ కొలత చెబుతుంది, స్పాటిఫై మైనస్ 14 చుట్టూ సర్దుతుంది. ఆ అంకె చూపించే మీటర్ ఉచితంగా దొరుకుతుంటే దానికి డబ్బు పెట్టడం దేనికి?

మన కరెంటు 50 హెర్ట్జ్. ఇన్వర్టర్ పక్కన పెట్టి రికార్డు చేస్తే ఆ 50 దగ్గరా, దాని రెట్లు 100, 150, 200 దగ్గరా సన్నని మోత కూర్చుంటుంది. ఈక్యూలో ఆ అంకెల దగ్గర ఇరుకైన కోతలు పెడితే పోతుంది. దానికీ ఏమీ కొనక్కర్లేదు.

నేను డబ్బు పెట్టి కొన్నది నోటి చప్పుళ్లు తీసే ప్లగిన్ ఒకటి. మైకుకి దగ్గరగా చదివేవాళ్ల నోరు ఎండినప్పుడు మాట మాటకీ మధ్య టిక్ టిక్‌మని పడే చప్పుళ్లుంటాయి. వీటిని చేత్తో ఏరితే కళ్లు లాగేస్తాయి. ఇక్కడ నా భాగహారం ఇది. ప్లగిన్ 3,000 అనుకోండి. నా గంట ఖరీదు 300 అనుకోండి. పది గంటలు మిగిలిస్తే దాని డబ్బు అది తెచ్చుకున్నట్టు. వారానికి అరగంట మిగిల్చినా ఇరవై వారాల్లో తీరిపోతుంది, ఆ తర్వాతంతా మిగులే. కొన్నాను. ఇదే లెక్కలో పాతకాలపు స్టూడియో కంప్రెసర్ నకలు ఒకటి పెట్టి చూశాను. వినడానికి బాగుంది. అది మిగిల్చే గంటలు సున్నా. సున్నాతో ఏ ధరనీ భాగించలేం కదా, వదిలేశాను.

సేల్ అన్నది ఈ రంగంలో అంతులేని తిరనాళ్ళు. జాబితా ధర వందల డాలర్లుంటుంది, అమ్మకపు ధర ముప్పయ్యో నలభయ్యో. కొట్టివేసి చూపించడానికే ఆ పెద్ద అంకె. నవంబరులో బ్లాక్ ఫ్రైడే, ఆ తర్వాత క్రిస్మస్, ఆ తర్వాత ఇంకేదో. కాబట్టి ఇవాళ తప్పితే ఇక దొరకదన్న భయం నాకు లేదు. ఏదైనా ప్లగిన్ బాగుందనిపిస్తే పేరు నోట్‌బుక్‌లో రాసి, ఎదురుగా ఖాళీ ఉంచుతాను. నిజంగా దాని అవసరం పడ్డ పని పేరు ఆ ఖాళీలో రాస్తాను. మూడు వేర్వేరు పనుల పేర్లు పడ్డాక వచ్చే సేల్‌లో కొంటాను. ఆ నోట్‌బుక్‌లో చాలా వరుసల ఎదుట ఇప్పటికీ ఏమీ లేదు.

ఇంకో జాగ్రత్త. ఒకసారి కొన్నదానికి మళ్లీ ఖర్చు రాదనుకోకూడదు. కొన్ని కంపెనీలు మొదటి ఏడాది అప్‌డేట్లు ఉచితంగా ఇచ్చి, తర్వాత డబ్బడుగుతాయి. ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడు పాత ప్లగిన్ మొరాయిస్తే కట్టక తప్పదు. 2023 మార్చిలో ప్లగిన్ల కంపెనీ వేవ్స్ ఇకపై విడిగా అమ్మం, చందా ఒక్కటే అని ప్రకటించింది. వాడేవాళ్లంతా భగ్గుమనడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఉచితమైనవీ యజమాని ఇష్టం మీదే నడుస్తాయి. కేక్‌వాక్ సోనార్‌ని గిబ్సన్ 2017 నవంబరులో ఆపేసింది. మరుసటి ఏడాది బ్యాండ్‌ల్యాబ్ దాన్ని తీసుకుని ఉచితంగా ఇచ్చింది. 2023లో మళ్లీ కొత్త రూపాలు తెస్తామంది. ఏ సాఫ్ట్‌వేర్ అయినా నా చేతిలో లేని నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది. అందుకే పని పూర్తయ్యాక ప్రతి ట్రాక్‌నీ ఎఫెక్టులతో సహా వేవ్ ఫైలుగా తీసి దాస్తాను. 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ మోనో ఆడియో గంటకి 500 ఎంబీ లోపే. ఒక టెరాబైట్ డిస్కులో రెండు వేల గంటలు పడుతుంది. వేవ్ ఫైలు తెరవలేని ఎడిటర్ లేదు.

కంప్యూటర్ సర్వీసుకిచ్చినప్పుడల్లా షాపతను అడుగుతాడు, "ప్లగిన్లన్నీ కలిపి వేసిచ్చేయనా సార్, క్రాక్‌వి? దానికి వేరే డబ్బులొద్దులెండి" అని. వద్దంటాను. తప్పొప్పుల సంగతి అటుంచి డబ్బు లెక్కే చెప్తాను. నా కంప్యూటర్‌లో కంపెనీలు ఇంకా విడుదల చేయని శిక్షణ వీడియోలుంటాయి, వాటిని బయటపెట్టనని సంతకం చేసిన కాగితాలుంటాయి. ఎవడో తాళం బద్దలుకొట్టిన ప్రోగ్రామ్‌ని దాని పక్కన కూర్చోబెట్టి, రేపు ఫైళ్లన్నీ లాక్ అయితే పోయేది మూడు వేల ప్లగిన్ కాదు, నెలనెలా వచ్చే పని.

పరదాకి వెళ్లిన డబ్బు

సాఫ్ట్‌వేర్ డబ్బుల్లో ఎక్కువ ఫలితం ఇచ్చిన ఖర్చు సాఫ్ట్‌వేరే కాదు. గది మోత తగ్గించే ప్లగిన్ ఒకటి సేల్‌లో ఉందని ఇంట్లో అంటే, మా ఆవిడ స్క్రీన్ వైపు చూసి, "ఆ డబ్బుతో ఆ కిటికీకి మందం పరదా కుట్టించరాదూ? రోడ్డు మీద ఆటో పోతే నాకే వినిపిస్తోంది" అంది. పరదా కుట్టించాం. అత్తయ్యగారు పాత చీరలతో కుట్టిన బొంతలు అటకమీంచి దింపి, మైకు వెనకా పక్కలా దండెం కట్టి వేలాడదీశాం. బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి ఉంచి దాని ముందు కూర్చుంటే ఇంకా మేలు. మందంగా, మెత్తగా ఉండే గుడ్డ గొంతులోని మధ్య, పై స్థాయి ప్రతిధ్వనిని పీల్చేస్తుంది. కింది స్థాయి గురగురని ఆపలేదు, దానికి 80 హెర్ట్జ్ దగ్గర ఒక కోత ఎలాగూ ఉంది. ఒకసారి రికార్డింగులోకి ఎక్కిన గది మోతని ప్లగిన్‌తో తీస్తే మాట కూడా కొంత నలుగుతుంది. బొంతతో ఆ నష్టం లేదు.

ఇప్పుడు ప్రతి బిల్లు డబ్బు రాగానే పదో వంతు వేరే ఖాతాలోకి మళ్లిస్తాను. సాఫ్ట్‌వేర్, హెడ్‌ఫోన్ మెత్తలు, హార్డ్ డిస్కు, ఏది కొన్నా అందులోంచే. అందులో లేకపోతే కొనను, కార్డు ఈఎంఐ పెట్టను. పని బాగున్న నెలల్లో ఆ ఖాతా నిండుతుంది, లేని నెలల్లో దాన్ని ఎవరూ అడగరు. రీపర్ తొమ్మిదో వెర్షన్ ఎప్పుడో వచ్చి, మళ్లీ లైసెన్స్ కట్టాల్సి వచ్చినా ఆ డబ్బు అప్పటికి అక్కడే ఉంటుంది.

మొన్న మా అక్క కొడుకు గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. కథల ఛానెల్ పెడతాడట. మైకు, ఇంటర్‌ఫేస్, సాఫ్ట్‌వేర్, ప్లగిన్ల కట్ట కలిపి ఒక జాబితా రాసుకున్నాడు, లక్షకి కాస్త తక్కువ. ఈఎంఐలో తీసుకోనా మామయ్యా అని అడిగాడు. జాబితాలో మైకు ఉంచి మిగతాదంతా కొట్టేయమన్నాను. ఆడాసిటీ దించుకుని, ఇంట్లో బట్టల బీరువా ముందు కూర్చుని పది కథలు చదివి పెట్టమన్నాను. "మరి ప్లగిన్లో?" అన్నాడు. ఎవరైనా వాడికి మొదటి బిల్లు కట్టాక, ఏ పని చేస్తుంటే చెయ్యి నొప్పెట్టిందో చెప్పమన్నాను. ఆ పనికి సరిపడే ప్లగిన్ ఒక్కటి, అదీ సేల్‌లో, వెతికిపెట్టే పూచీ నాది.